ముగ్గురాయి వెలుగు

జ్ఞానమణక్కతో కలిసి నడిచి వెళ్ళడమంత కష్టం ఇంకొకటి లేదు. కడపలో ఒకే ఆడపిల్లల హైస్కూల్లో మేమిద్దరం పని చేస్తున్నాం. ఆమె డ్రాయింగ్ టీచరు, నేను తెలుగు టీచర్ని. సాయంత్రం బడి వదిలాక బస్టాండు దాకా కలిసి నడుస్తాం. మాట్లాడుతూ మాట్లాడుతూ ఉన్నట్టుండి ఆగిపోతుంది. ఏమైందోనని వెనక్కి తిరిగితే, ఏ మిద్దె మీదో ఆరేసిన ఎర్ర దుప్పటిని నోరు తెరుచుకుని చూస్తూ ఉంటుంది. "పద్మా, పొద్దు ఎట్ల పడతాండాదో చూడు. దుప్పటి లోపల్నుంచే వస్తాండాది వెలుగు" అంటుంది. ఆ వెలుగేదో నేను చూసేలోపల నా ప్రొద్దుటూరు బస్సు వెళ్ళిపోయి ఉంటుంది. ఎన్నిసార్లు మనసులో తిట్టుకున్నానో నాకే తెలుసు.

ఆమెది జమ్మలమడుగు దగ్గర పల్లె. నాన్న ఏసన్న అక్కడి చర్చిలో ఉపదేశి. వారమంతా చేను, ఆదివారం వాక్యం. క్రిస్మస్ నాటకమంటే పిల్లలందరూ దేవదూత వేషం నాకంటే నాకని కొట్టుకునేవాళ్ళట. ఈమె మాత్రం టార్చిలైటుకు పసుపు కాగితం కట్టుకుని తెర వెనక కూర్చునేదట. వేదిక ఎక్కమంటే ఏడుపే. పెద్దయినా ఆ భయం పోలేదు. ఆమె చేసిన పనిని ఊరంతా చూస్తుంది, ఆమె మాత్రం ఎవరికీ కనబడదు.

మా బడి వార్షికోత్సవానికి ఏటా ఒక పాటల నాటకం వేస్తాం. పాటలు నేను రాస్తాను. బాగా రాస్తానని నేనే చెప్పుకోవాలి, మా హెడ్‌మిస్ట్రెస్ చచ్చినా చెప్పదు. ఇక వేదిక మీద కనబడేదంతా అక్కదే. అట్టపెట్టెలతో గుడి గోపురం లేపుతుంది. పాత సైకిలు చక్రాలతో రథం నడిపిస్తుంది. ఒకసారి అమ్మవారి కిరీటం చేస్తుంటే, "చర్చికి పోయే దానివి, నీకెందుకక్కా ఈ పని?" అని స్టాఫ్ రూములో ఎవరో ఎగతాళి చేశారు. "బంగారు కాగితం ఎవరి తలమీదైనా మెరుస్తాదిలేప్పా" అని కత్తెర పట్టుకుని తన పని తాను చేసుకుంది.

ఈ ఏడాది నాటకం పెన్న మీద రాశాను. గండికోట లోయలో మేకలు కాసే పిల్ల ఒకతి, ఎండిపోయిన పెన్నను మళ్ళీ రమ్మని పిలుస్తూ పాడుతుంది. ఆఖరి పాటలో కొండ చీలిక నుంచి పొద్దు నేరుగా ఆ పిల్ల మీద పడాలి. అక్కడితో తెర.

ఆ పిల్ల వేషం ఓబులేశ్వరిది. పదో తరగతి, హాస్టల్లో ఉంటుంది. మంగంపేట నుంచి వచ్చింది. వాళ్ళమ్మ ఈరక్క, అక్కడి గనుల్లో తీసే ముగ్గురాయిని పిండి చేసే మిల్లులో సంచులు నింపుతుంది. ఆ తెల్లటి పిండి పీల్చీ పీల్చీ ఆమెకు దగ్గు పట్టుకుంది. బిడ్డకు కూడా ఆ గతి పట్టకూడదని ఆరో తరగతిలోనే తెచ్చి మా హాస్టల్లో వేసింది. ఈ పిల్ల గొంతు విని నేను అదిరిపోయాను. పదో తరగతి అయ్యాక తిరుపతిలో సంగీతం కాలేజీలో చేర్చమని ఈరక్కకు ఎన్నోసార్లు చెప్పాను. "పాట కూడు పెడతాదా టీచరమ్మా?" అనేది. చివరికి కొంచెం మెత్తబడింది. "నాటకానికి వస్తా. నా చెవుల్తో విని చెప్తా" అంది. బిడ్డ తిరుపతికి వెళ్ళేదీ లేనిదీ ఆ రాత్రి పాట మీదే ఆధారపడి ఉందని మాకందరికీ తెలుసు. అక్కకూ తెలుసు.

అక్క ఆదివారం చర్చి కాగానే బస్సెక్కి గండికోటకు పోయి, సాయంత్రం దాకా ఆ బండల మీద ఒంటరిగా కూర్చుని వచ్చింది. ఎండకు మొహం మాడిపోయింది. "రాళ్ళ సందులోంచి వెలుగు స్తంభం మాదిరి దిగుతాండాది పద్మా. చేత్తో పట్టుకోవచ్చు" అంది. మరుసటి రోజు నుంచి గోనెపట్టలకు మైదా గంజి పెట్టి, ముడతలు పడేట్టు ఎండబెట్టి, ఎర్రమట్టి పూసి కొండలు కట్టింది. దగ్గరికి వెళ్ళి వేలితో తడితే గానీ గోనె అని తెలియదు. పిల్లలు ఆ కొండల మధ్య నడవడానికి మొదట్లో భయపడ్డారు.

అంతా బాగుంది గానీ వెలుగు స్తంభం రాలేదు. లైట్లు అద్దెకిచ్చే రంగన్న పైన పెద్ద లైటు కట్టాడు. వేస్తే కింద నేల మీద గుండ్రంగా మరక పడుతుంది తప్ప మధ్యలో గాలిలో ఏమీ కనబడదు. వెలుగు కనబడాలంటే గాలిలో దానికి తగలడానికి ఏదో ఒకటి ఉండాలి. పెళ్ళిళ్ళలో వాడే పొగ మిషను అడిగితే రంగన్న నవ్వాడు. "సీజను గదమ్మా, మిషన్లన్నీ పెండ్లిండ్లకు పోయినాయి. పైన రెండు మట్టి సట్లలో నిప్పులు పెట్టి సాంబ్రాణి వేస్తే సరిపోతాది. పొగ తిన్నగా తేలుకుంటా వస్తాది" అన్నాడు.

"సాంబ్రాణి వద్దు రంగన్నా. పిల్ల గొంతు పట్టేస్తాది" అంది అక్క.

ఎంత ముందుచూపని నేనే మెచ్చుకున్నాను. అసలు కారణం వేరు. నాకు తర్వాత తెలిసింది గానీ ఇక్కడే చెప్పేస్తాను, దాచి ఏం చేసుకోవాలి? అక్క నాన్న ఏసన్న ఇంట్లో సాంబ్రాణి గానీ అగరొత్తులు గానీ ఎప్పుడూ వెలిగించలేదు. ఆయన దాని గురించి ఉపన్యాసాలేమీ ఇవ్వలేదు, పూజల్లో వాడేది మనకు వద్దన్నాడు, అంతే. అక్క కిరీటాలు చేసింది, గోపురాలు చేసింది, సాంబ్రాణి దగ్గరకొచ్చేసరికి చేయి రాలేదు. ఆ మాట నోరు విడిచి చెప్పడానికి సిగ్గుపడింది. ఓబులేశ్వరి గొంతును అడ్డం పెట్టుకుంది.

ఆ తర్వాత ఆమె కళ్ళు ముగ్గురాయి పిండి మీద పడ్డాయి. ఓబులేశ్వరి పెట్టె సందుల్లో ఎప్పుడూ కాస్త ఉండనే ఉంటుంది, ఊరి నుంచి వచ్చిన ప్రతిసారీ. మెత్తగా, తెల్లగా, కొంచెం మెరుస్తూ. "మళ్ళీ ఊరికి పోయినప్పుడు ఒక మూట తెచ్చిస్తావా?" అని అడిగింది. ఆ పిల్ల తెచ్చిచ్చింది. పల్చటి గుడ్డలో పిండి పోసి మూటగట్టి, కొండ చీలికకు పైన వేలాడదీసి, దానికొక దారం కట్టింది. పక్క తెర చాటున నిలబడి దారం గుంజితే పిండి పొగలా రాలుతుంది. పిల్లలు లేనప్పుడు ఒకసారి గుంజి చూసింది. నన్ను కూడా పిలిచింది. చీకట్లో తెల్లటి వెలుగు పైనుంచి కింద దాకా నిలబడింది. నిజం చెప్పాలంటే నాకు ఒళ్ళు పులకరించింది. దాని కింద ఒక మనిషి నోరు తెరిచి పాడాలన్న సంగతి ఇద్దరికీ తట్టలేదు.

వార్షికోత్సవం రోజు హాలు కిటకిటలాడింది. ఈరక్క ముందు వరసలోకి రానంటే రానని గోడ పక్కన కూర్చుంది. కొత్త చీర కట్టుకుంది. ఆఖరి పాట వచ్చింది. దీపాలన్నీ ఆరిపోయి ఒక్క లైటు వెలిగింది. కొండ చీలిక నుంచి వెలుగు దిగి ఓబులేశ్వరి తల మీద నిలబడింది. హాలంతా ఒక్కసారి ఊపిరి బిగబట్టి, తర్వాత చప్పట్లు. పాట మొదలు కాకముందే చప్పట్లు! నేను ఇవతలి తెర చాటున పాటల కాగితం పట్టుకుని నిలబడ్డాను, అక్క అవతలి వైపు దారం పట్టుకుని ఉంది.

పల్లవి ఎంత బాగా పాడిందో. మొదటి చరణం కూడా. రెండో చరణంలో మాటకూ మాటకూ మధ్య గుటక వేయడం కనిపించింది. చిన్నగా దగ్గింది. వెలుగు పల్చబడుతూ వచ్చింది. పై స్థాయికి వెళ్ళాల్సిన చోట ఆ పిల్ల గుండెల నిండా గాలి తీసుకుంది. సరిగ్గా అప్పుడే పైనుంచి మళ్ళీ పిండి రాలింది, ఈసారి ఇంకా చిక్కగా. గొంతు అక్కడే తెగిపోయింది. దగ్గు, దగ్గు మీద దగ్గు. వెనక నిలబడిన పిల్లలు పాట అందుకుని ఎలాగో ముగించారు. ఓబులేశ్వరి మోకాళ్ళ మీద కూలబడింది. దాని మీద వెలుగు మాత్రం బ్రహ్మాండంగా నిలబడి ఉంది. జనం ఇంకా చప్పట్లు కొడుతున్నారు. అది నాటకంలో భాగమే అనుకున్నారు.

ఈరక్క తెర వెనక్కి వచ్చింది. బిడ్డ జుట్టు మీద తెల్లదనాన్ని కొంగుతో తుడిచింది. తుడిచినదాన్ని రెండు వేళ్ళ మధ్య నలిపి చూసుకుంది. "మన పిండే" అంది.  నీళ్ళు తాగించి, చేయి పట్టుకుని తీసుకెళ్ళిపోయింది.

హెడ్‌మిస్ట్రెస్ రుసరుసలాడుతూ వచ్చింది. "పల్లె పిల్ల, జనాన్ని చూసి బెదిరిపోయింది. ఆ వేషానికి టౌను పిల్ల క్రిస్టినాను పెట్టమని నేను మొదట్నుంచీ చెప్తాండా" అంది. అక్క ఏదో చెప్పబోయి ఆగింది. ఈలోపల ముఖ్య అతిథి వేదిక మీద మైకు పట్టుకుని, ఆ వెలుగు సృష్టించిన మహాతల్లి ఎవరో చూడాలన్నాడు. జన్మలో వేదిక ఎక్కని మనిషిని ఇద్దరు చేతులు పట్టి ఎక్కించారు. మెడలో దండ, భుజాల మీద శాలువా. ఫోటోలు. ఆ ఫోటో ఇప్పుడు మా స్టాఫ్ రూములో వేలాడుతోంది. అందులో అక్క మొహం చూస్తే దండ వేస్తున్నారో శిక్ష వేస్తున్నారో చెప్పలేం.

ఓబులేశ్వరి పాట మానేసింది. పొద్దున ప్రార్థనలో కూడా పెదవులు కదపదు. నేను పిలిచి గట్టిగా అడిగాను.

"నా వెనక నిల్చున్నోళ్ళకు యెవరికీ రాలేదు టీచర్. నాకొక్కదానికే దగ్గొచ్చింది. మా అమ్మది నాకూ వచ్చేసింది. తిరుపతి మాటే ఎత్తొద్దు" అంది.

ఈరక్క దాన్ని రాజంపేటలో డాక్టరు దగ్గరికి తీసుకుపోయిందట. ఎక్స్‌రే తీసి, ఏమీ లేదు పొమ్మన్నాడట. ఈరక్క నమ్మలేదు. "నాకూ మొదట్లో ఏమీ లేదనే చెప్పినారు" అని ఏడ్చిందట.

అక్క ఆ పిల్లను రోజూ డ్రాయింగ్ రూముకు పిలిచేది. ఒకరోజు జామకాయలిచ్చింది, ఒకరోజు రంగు పెన్సిళ్ళ డబ్బా ఇచ్చింది. చెప్పాల్సిన మాట మాత్రం చెప్పలేదు. ఇంకొకటి గమనించాను. సాయంత్రం నడిచేటప్పుడు ఆమె ఎక్కడా ఆగడం లేదు. ఏ మిద్దె వైపూ తలెత్తి చూడదు. రోజూ నా బస్సు నాకు దొరుకుతోంది. అది నాకేమీ బాగా అనిపించలేదు.

ఫిబ్రవరిలో ఒక సోమవారం స్టాఫ్ రూములో ఇద్దరమే ఉన్నాం. "నిన్న ప్రభు బల్లకు పోలేదు పద్మా" అంది.

నాకు అర్థం కాలేదు. చెప్పింది. నెలలో మొదటి ఆదివారం వాళ్ళ చర్చిలో అందరూ బల్ల దగ్గరికి వెళ్ళి రొట్టె, ద్రాక్షరసం తీసుకుంటారు. ఒకరికి అన్యాయం చేసి, వాళ్ళతో సమాధానపడకుండా ఆ రొట్టె ముట్టకూడదు. "అందరూ లేచిపోతాంటే నేనొక్కదాన్నే బెంచీలో కూర్చుంటి. మా ఆయన జయపాల్ తిరిగి తిరిగి నన్నే చూస్తాండాడు. ఇంటికొచ్చి ఏం చేసినావని అడిగె. చెప్పలేకపోతి."

అప్పుడు నాకు చెప్పింది. సాంబ్రాణి సంగతి చెప్పింది. నాకు ఒళ్ళు మండింది. మా ఇంట్లో సాంబ్రాణి వేయకపోతే మా అమ్మకు అది శుక్రవారమే కాదు, నిజమే. అంతమాత్రాన నీకు వద్దంటే ఎవరు కాదంటారు? ఒక్క మాట అని ఉంటే సరిపోయేది కదా!

"మీరంతా ఏమనుకుంటారోనని" అంది. "ఇన్నేండ్లు గోపురాలు చేసి ఇప్పుడు సాంబ్రాణికి అడ్డం చెప్తే నవ్వుతారని. ఆ పిల్ల గొంతు పేరు చెప్తి. మంచిదాన్ని అనిపించుకుంటి."

"సరేలే అక్కా, పిండి అంత పని చేస్తాదని నీకేం తెలుసు?"

"తెలుసు పద్మా." ఆమె తల ఎత్తలేదు. "మొదటిసారి తెలీదు. రెండోసారి తెలుసు. ఆ పిల్ల గుటక వేస్తాంటే చూసినా. దగ్గింది గూడా విన్నా. అప్పుడే వెలుగు పల్చబడతా వచ్చె. జనం చప్పట్లు నా చెవుల్లో ఉండాయి. ఇంకొక్కసారి, పాట అయ్యేదాకా అది నిలబడితే చాలనుకుంటి. చూసి చూసి దారం గుంజినా."

"ఈ మాట చెప్పాల్సింది నాకు కాదక్కా, వాళ్ళకు" అన్నాను. 

రెండో శనివారం సెలవుకు ఓబులేశ్వరి ఊరికి వెళ్ళింది. మేమిద్దరం రాజంపేట మీదుగా ఓబులవారిపల్లె దాకా బస్సులో పోయి, అక్కడి నుంచి ఆటో ఎక్కాం. మంగంపేట దగ్గరయ్యే కొద్దీ వేపచెట్ల ఆకులు, ఇళ్ళ కప్పులు అన్నీ తెల్లగా ఉన్నాయి. అక్క ఆటోలో కొంగు నోటికి అడ్డం పెట్టుకోబోయి, మళ్ళీ తీసేసింది.

ఈరక్క మంచం వాల్చింది. అక్క కూర్చోలేదు. నిలబడే చెప్పింది, నాకు చెప్పినట్టే, ఒక్క ముక్క వదలకుండా. సాంబ్రాణి వెలిగించే అలవాటు తనకు లేదని, దాన్ని దాచి పిల్ల గొంతు పేరు చెప్పానని, దగ్గు వినీ దారం గుంజానని. "నీ బిడ్డకు నీ జబ్బు రాలేదు ఈరక్కా. గాలి పీల్చుకుంటాంటే నోట్లో పిండి పోసినా. ఎవరికైనా గొంతు పట్టేస్తాది. తప్పంతా నాదే."

 ఈరక్క తిడుతుందనుకున్నాను. తిట్టి ఉంటే బాగుండేది.

"ఆ పిండి తగలగూడదనే గదమ్మా నా బిడ్డను అంత దూరాన పెట్టింది" అంది. "అయినా నువ్వు మూట తెమ్మన్నప్పుడు అది యెంత సంబరపడిందనుకున్నావు? కొత్త టవల్లో కట్టింది. మా టీచరు మన ఊరి పిండే కావల్లనింది, నాటకంలో వెలుగంతా దాంతోనే వస్తాదంట అని ఇల్లిల్లూ తిరిగి చెప్పొచ్చె. ఈ పిండితో ఒక మంచి అయితాదని ఈ ఊర్లో ఎవురన్నా అనుకున్నారా?"

అక్క మొహం చేతుల్లో దాచుకుంది. ఓబులేశ్వరి అప్పటిదాకా వాకిట్లో నిలబడి వింటూనే ఉంది. లోపలికి వచ్చింది.

"నాకు దగ్గొస్తాండాదని మీరు చూసినారా టీచర్?"

"చూసినా."

"చూసి గుంజినారా?"

"గుంజినా తల్లీ."

ఆ పిల్ల అక్క వైపు అలాగే చూసింది. తర్వాత వాళ్ళమ్మ వైపు తిరిగి, "అయితే నాకేం జబ్బు లేదమ్మా" అంది. ఈరక్క ఉన్నచోటనే నేల మీద కూర్చుని భోరుమంది. ఆమె అన్నాళ్ళుగా పడిన భయం ఎంతటిదో నాకప్పుడు తెలిసింది. అక్క దగ్గరికి వెళ్ళబోయింది గానీ, ఓబులేశ్వరి అడ్డంగా కూర్చుని తల్లిని పట్టుకుంది.

మేము బయల్దేరుతుంటే ఆ పిల్ల వాకిలి దాకా వచ్చింది. "ఫేర్‌వెల్‌లో పాడతా టీచర్" అంది. నాకు ప్రాణం లేచి వచ్చింది. తర్వాత అక్క వైపు చూసి, "మీరు మాత్రం లైట్లు పెట్టద్దు" అంది. కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే అక్క తట్టుకునేదే.

"సరే తల్లీ" అంది అక్క.

మార్చిలో పదో తరగతి పిల్లల ఫేర్‌వెల్ మధ్యాహ్నం పూట, మామూలు క్లాసురూములో పెట్టుకున్నాం. వేదిక లేదు, తెర లేదు. రెండు ట్యూబులైట్లు, అందులో ఒకటి కొట్టుకుంటోంది. ఈరక్క మళ్ళీ వచ్చి గోడ పక్కనే కూర్చుంది. ఓబులేశ్వరి నల్లబల్ల ముందు నిలబడి పెన్న పాటే పాడింది. పల్లవి అయింది, మొదటి చరణం అయింది. పై స్థాయికి వెళ్ళాల్సిన చోట గాలి పీల్చుకుంది. నా పక్కన వెనక బెంచీలో అక్క కళ్ళు మూసుకుంది. గొంతు పైకి లేచింది, ఎక్కడా తొణక్కుండా లేచి, అక్కడే నిలబడింది. నేను రాసిన మాటలు అంత బాగుంటాయని నాకే తెలియదు. ఈరక్క చప్పట్లు కొట్టలేదు, కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ నా వైపు చూసి, తిరుపతికి పంపిస్తానన్నట్టు తల ఊపింది.

పిల్లలంతా ఓబులేశ్వరిని చుట్టుముట్టారు. అక్క ఒళ్ళో చేతులు పెట్టుకుని వెనక బెంచీలోనే కూర్చుండిపోయింది.

"ఇంక చాల్లే అక్కా, పాడింది గదా" అన్నాను.

"ఆ పొద్దు గూడా ఇట్లనే పాడుండేది" అంది. "నేను పాడనీలేదు పద్మా."